మంచం పక్కన మనిషికి బోర్డులో కుర్చీ ఏది?

మా పెదనాన్నను ఆసుపత్రి నుంచి ఊరికి తీసుకొచ్చిన రోజు అంబులెన్స్‌లో డాక్టరు లేడు. ఒక నర్సు ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. పెదనాన్న గొంతులోని గొట్టానికి తగిలించిన, చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్‌ను నొక్కుతూ జిల్లా కేంద్రం నుంచి మా ఊరిదాకా గంటన్నర ప్రయాణం చేసింది. గతుకులొచ్చినప్పుడు మోకాలు అడ్డుపెట్టి స్ట్రెచర్‌ను ఆపుకుంది. ఒక చెయ్యి లాగేస్తే రెండో చేతికి మార్చుకుంది. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడాయన. "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లడం మంచిది" అన్నది డాక్టరుగారే. మా అన్నయ్య సంతకం పెట్టిన కాగితంలో మాత్రం వేరే రాసి ఉంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా సొంత బాధ్యత మీద రోగిని తీసుకువెళ్తున్నామని. ఆసుపత్రుల్లో దాన్ని 'లామా' అంటారు.

వసారాలో మంచం వేసి పడుకోబెట్టాం. పెద్దమ్మ తులసి తీర్థం పోసింది. ఊళ్లో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి పక్కకు తప్పుకున్నారు. ఆ అమ్మాయి తలాపున నిలబడి బ్యాగ్ నొక్కుతూనే ఉంది. కాసేపటికి మెల్లగా అడిగింది: "అన్నా, ఇక ఆపమంటారా?"

ఎవరం మాట్లాడలేదు. అన్నయ్య తల దించుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఇంకో రెండు నిమిషాలు నొక్కి, ఆపేసింది.

ఇది జరిగి ఎనిమిదేళ్లు. ఆ నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న నన్ను వదల్లేదు. డాక్టరు నోటితో తీసుకెళ్లమన్నాడు, కాగితం మీద వద్దన్నాడు. కుటుంబం నోరు విప్పలేదు. ఏ చట్టమూ ఆ వసారాలోకి రాలేదు. అందరూ తప్పుకోగా మిగిలిన భారమంతా అక్కడున్నవాళ్లలో చిన్నదైన, జీతమూ తక్కువైన, మాకేమీ కాని ఒక ఆడపిల్ల చేతుల్లో పడింది.

నర్సింగ్ చదువులో నీతి పాఠం లేక కాదు. 1953లోనే అంతర్జాతీయ నర్సుల మండలి నైతిక నియమావళి తయారుచేసుకుంది. 2021 దాకా దాన్ని సవరిస్తూ వచ్చింది. 1979లో టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ అనే అమెరికన్ పండితులు రాసిన పుస్తకం నుంచి వచ్చిన నాలుగు సూత్రాలను ఇప్పుడు ప్రపంచమంతటా నర్సింగ్ విద్యార్థులు నేర్చుకుంటున్నారు. రోగి తన విషయంలో తానే నిర్ణయించుకునే హక్కు, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయంగా పంచడం. విడివిడిగా చూస్తే నాలుగింటిలో దేన్నీ ఎవరూ కాదనరు. చిక్కల్లా అవి ఒకదానికొకటి ఎదురుపడ్డప్పుడే. బ్యాగ్ నొక్కుతూ ఉంటే పెదనాన్నకు మేలా, బాధను పొడిగించడమా? ఆపితే ఉపశమనమా, కీడా? ఆయన ఇష్టమేమిటో ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకు డాక్టర్లు కూర్చుని చర్చించి జవాబు వెతకవచ్చు. నర్సుకు ఆ తీరిక ఉండదు. ఆమె చెయ్యి ఆ సమయానికి బ్యాగ్ మీద ఉంటుంది.

మన దేశంలో ఈ ప్రశ్న అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన సందర్భానికి మధ్యలో ఉన్నది కూడా నర్సులే. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పనిచేసిన అరుణా శాన్‌బాగ్ కథ చాలామందికి తెలుసు. కర్ణాటకలోని హల్దీపూర్ నుంచి వచ్చిన అమ్మాయి. 1973 నవంబరు 27 సాయంత్రం డ్యూటీ ముగించుకుని ఆసుపత్రి బేస్‌మెంట్‌లో బట్టలు మార్చుకుంటుండగా అక్కడి పారిశుద్ధ్య కార్మికుడొకడు కుక్క గొలుసు మెడకు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. నర్సులు బట్టలు మార్చుకోవడానికి భద్రమైన గది లేకపోవడం ఈ కథ మొదట్లోనే ఉంది. నర్సింగ్ నీతి గురించి రాసేవాళ్లు చాలామంది ఈ ముక్కను దాటేస్తారు. నర్సుల పట్ల సంస్థ పాటించాల్సిన నీతిని పక్కన పెట్టి, రోగి పట్ల నర్సు నీతిని మాత్రం తూచడం న్యాయం కాదు.

ఆ తర్వాత 42 ఏళ్లు ఆమె అదే ఆసుపత్రిలో ఉంది. చూసుకున్నది నర్సులు. ఒక తరం రిటైరైతే ఇంకో తరం వచ్చింది. కొత్తగా చేరిన విద్యార్థినుల్ని తీసుకొచ్చి ఈమె మనలో ఒకరు అని పరిచయం చేసేవారట. అంతకాలం మంచం పట్టిన మనిషికి వీపు పుండ్లు పడకుండా చూడటం ఎంత కష్టమో ఇంట్లో ఒక ముసలి ప్రాణాన్ని చూసుకున్నవాళ్లను అడిగితే తెలుస్తుంది. కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి. తడి ఆరాలి, దుప్పటి ముడత పడకూడదు. సుప్రీంకోర్టు నియమించిన ముగ్గురు డాక్టర్ల బృందం 2011 జనవరిలో ఆమెను పరీక్షించేనాటికి ఒంటి మీద ఒక్క పుండు లేదు. 2010 సెప్టెంబరులో మలేరియా వచ్చేదాకా మెత్తగా నలిపిన తిండి నోటితోనే పెట్టారు. ఆ తర్వాతే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వచ్చింది. చేపలంటే ఇష్టమని, నచ్చనిది ఉమ్మేస్తుందని, మలమూత్రాలకు వెళ్లాల్సి వస్తే ఒక రకంగా శబ్దం చేస్తుందని, అది తమకు తెలుస్తుందని నర్సులు చెప్పారు.

ఆమెను అలా బతికించడం అన్యాయమని, ఆహారం ఆపి ప్రశాంతంగా పోనివ్వమని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. నర్సులు ఒప్పుకోలేదు. రిటైరైన ఒక నర్సు జీతం, దారి ఖర్చులు కూడా లేకుండా వచ్చి చూసుకుంటానంది. 2011 మార్చి 7న జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞాన్ సుధా మిశ్రా ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కొన్ని షరతులతో, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఆపవచ్చని మొదటిసారి చెప్పిన తీర్పు అదే. అరుణ విషయంలో మాత్రం ఆమె తరఫున మాట్లాడే హక్కు విరానీది కాదని, ఏళ్ల తరబడి చూసుకున్న కేఈఎం సిబ్బందిదేనని తేల్చింది. వాళ్ల మనసు మారితే బాంబే హైకోర్టుకు వెళ్లవచ్చనీ చెప్పింది. వాళ్ల మనసు మారలేదు. 2015 మే 18న న్యుమోనియాతో అరుణ కన్నుమూసింది.

నర్సులు చేసింది సరైనదేనా? నేను అవునని చెప్పలేను. ప్రేమ సమ్మతికి బదులు కాదు. ఆమెకు ఎలా ఉందో నర్సులకు అనిపించింది ఒకటైతే, ఆమెకు నిజంగా ఎలా ఉందో మరొకటి కావచ్చు. చేప పెడితే ముఖంలో కనిపించిన కదలికను వాళ్లు ఇష్టంగా చదివారు. దీర్ఘకాల అచేతన స్థితి లక్షణాల్లో ఎక్కువ భాగం ఆమెలో కనిపించాయని డాక్టర్లు రాశారు. ఎవరిది నిజమో చెప్పగలిగింది అరుణ ఒక్కతే. ఆ దారి మూసుకుపోయింది. మనవాళ్లను పోనివ్వలేని మన బలహీనత కూడా ప్రేమ రూపంలోనే వస్తుందని ప్రతి కుటుంబానికీ తెలుసు.

అయినా ఆ తీర్పులో నాకు విలువైనదిగా తోచేది ఒకటుంది. మంచం పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర ఉన్నది కూడా జ్ఞానమేనని న్యాయస్థానం గుర్తించింది. ముగ్గురు డాక్టర్ల పరీక్ష ఎంత ముఖ్యమో, 37 ఏళ్లు అన్నం కలిపి పెట్టిన చేతులకు తెలిసిందీ అంతే ముఖ్యమని లెక్కలోకి తీసుకుంది.

ఆ గుర్తింపు తర్వాత వచ్చిన నియమాల్లో కనిపించదు. 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమేనంది. స్పృహ ఉన్నప్పుడే తన కోరిక రాసి పెట్టుకునే ముందస్తు ఆదేశానికి చట్టబద్ధత ఇచ్చింది. అది చాలా పెద్ద అడుగు. అప్పట్లో పెట్టిన నియమాలు మరీ చిక్కుగా ఉన్నాయని 2023 జనవరిలో సవరించింది. ఇప్పటి పద్ధతి ప్రకారం ఆసుపత్రిలో ఒక ప్రాథమిక బోర్డు ఉండాలి. అందులో చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు ఉంటారు. వాళ్ల అభిప్రాయాన్ని పరిశీలించే రెండో బోర్డులో జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపిన డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. కుటుంబం ఒప్పుకోవాలి, మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

రెండు బోర్డుల్లో కలిపి ఆరుగురు. ఆరుగురూ డాక్టర్లే. ఆ ఆరుగురూ సంతకాలు పెట్టి వెళ్లాక వెంటిలేటర్ తీసే వేళ మంచం దగ్గర ఉండేది నర్సు. చివరి మార్ఫిన్ సూది వేసేది, నోరు తుడిచేది, కళ్లు మూసేది, బయట కూర్చున్న భార్యను లోపలికి పిలిచేది ఆమే. నిర్ణయంలో చోటు లేని మనిషి చేతుల మీదుగా ఆ నిర్ణయం అమలవుతుంది.

మన తెలుగు నేలకు ఇది కొత్త ప్రశ్న కాదు. అరుణ తీర్పుకు ఆరేళ్ల ముందే, 2004లో, కండరాల క్షీణత వ్యాధితో హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్న పాతికేళ్ల కె. వెంకటేశ్ స్పృహలో ఉండి తానే అడిగాడు. నేను ఎలాగూ పోతాను, నా అవయవాలు పనికొచ్చేలా ముందే పోనివ్వండని. తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. అరుణకు మాట లేదు. వెంకటేశ్‌కు మాట ఉంది, దానికి చట్టంలో చోటు లేదు. ఈ ఇద్దరి మధ్యన మన ఐసీయూల్లో వేలమంది ఉంటారు. స్పృహ తప్పేముందు ఏదో అంటారు. రాత్రి పూట, పక్కన ఎవరూ లేనప్పుడు, సెలైన్ మార్చడానికి వచ్చిన సిస్టరమ్మతో అంటారు. ఆ మాట ఎక్కడికి పోతుంది?

పోవడానికి దారే లేదు. నర్సులు రాసే నోట్స్‌లో బీపీ, నాడి, ఎంత మూత్రం పోసింది, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చింది ఉంటాయి. రోగి ఏమన్నాడో రాయడానికి గడి ఉండదు. ఉదయం రౌండ్స్‌కు పెద్ద డాక్టరు వచ్చినప్పుడు నర్సు ఫైలు పట్టుకుని వెనకాల నిలబడుతుంది. అడిగిన అంకెలు చెబుతుంది. "నిన్న రాత్రి ఈయన ఇలా అన్నారు సార్" అనాలంటే అడగని మాట చెప్పాలి. చెప్పినందుకు మాటపడ్డ సీనియర్లను చూసిన అమ్మాయి రెండోసారి నోరు తెరవదు.

రోగికి జబ్బు పేరు చెప్పొద్దని పిల్లలు కోరే మన అలవాటు ఆమెను ఇంకా ఇరుకున పెడుతుంది. బయట కారిడార్‌లో కొడుకు, "సిస్టర్, నాన్నకు క్యాన్సరని చెప్పకండి, తట్టుకోలేరు" అంటాడు. రాత్రి రెండింటికి ఆ నాన్న, "నాకేమైందమ్మా? నువ్వైనా నిజం చెప్పు" అంటాడు. కొడుకు పగలొచ్చి వెళ్లిపోతాడు. డాక్టరు ఐదు నిమిషాలుంటాడు. ఆ ప్రశ్న ముందు రాత్రంతా నిలబడేది ఆమె. చాలామంది అబద్ధం చెప్పరు, నిజమూ చెప్పరు. "మీకేమనిపిస్తోంది బాబాయ్?" అని మంచం అంచున ఓ నిమిషం కూర్చుంటారు. ఏ సూత్రం దాన్ని నేర్పిందో నాకు తెలియదు కానీ, ఆ నిమిషంలో ఉన్న నీతి చాలా గ్రంథాల్లో లేదు.

చేయాల్సింది ఏమిటో తెలిసి కూడా సంస్థ కట్టుబాట్ల వల్ల చేయలేకపోవడంలోని వేదనకు 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తత్వవేత్త నర్సుల గురించి రాస్తూ నైతిక వేదన అని పేరు పెట్టాడు. మన వార్డుల్లో దాన్ని చూడాలంటే రాత్రి డ్యూటీలో మంచానికి కట్టిన చేతుల్ని చూడాలి. మత్తులో, అయోమయంలో ఉన్న రోగి ముక్కులోని గొట్టం లాగేసుకుంటాడు. పక్కన ఒక మనిషి కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు. ఆ మనిషి లేదు. ఉన్న నర్సు ఇంకా చాలామందిని చూడాలి. గాజుగుడ్డ తీసుకుని రెండు మణికట్లనూ మంచం కమ్మీలకు కడుతుంది. ముసలాయన "కట్టొద్దమ్మా" అని ఏడుస్తాడు. గొట్టం ఊడితే తప్పు ఆమెదే అవుతుంది కనుక కట్టక తప్పదు. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఐసీయూలో రోగికొక నర్సు ఉండాలి. బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురికి ఒకరు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు. ఆ లెక్క మనం చూసే ఏ వార్డులో కనిపిస్తోంది? చేతులు కట్టింది నర్సే. ఆ కట్టు పడేలా చేసింది మాత్రం పోస్టు ఖాళీగా వదిలేసిన దస్త్రం. నాలుగో సూత్రమైన న్యాయం గురించి మాట్లాడాల్సింది ముందు అక్కడ.

జీతం సంగతీ దీనికి దూరం కాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం నియమించిన కమిటీ 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నర్సుకు కనీసం 20 వేల రూపాయలు ఇవ్వాలంది. పెద్ద ఆసుపత్రులు ప్రభుత్వ స్థాయి జీతమే ఇవ్వాలంది. మా ఊరికి వచ్చిన ఆ అమ్మాయికి అందులో సగమైనా వస్తోందో లేదో. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటే, ఉద్యోగం ఏడాది కాంట్రాక్టు మీద ఉంటే, "సార్, ఇది తప్పు" అనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? నైతిక ధైర్యం కావాలని ఉపన్యాసాలిచ్చే ముందు దానికి కాళ్లూనుకునే నేల ఇవ్వాలి.

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. నర్సులు షిఫ్టులు మారుతుంటారు, జబ్బు లోతు వాళ్లకు తెలియదు, బోర్డులో కూర్చోబెడితే రేపు కేసు పడ్డప్పుడు బలయ్యేది కూడా వాళ్లేనని. మూడో భయం నాకూ ఉంది. కానీ ఇప్పుడు మాత్రం వాళ్లు బలి కావడం లేదా? మా వసారాలో నిలబడ్డ పిల్లకు ఏ బోర్డు అండగా ఉంది? ఊపిరితిత్తుల స్థితి గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు. ఆమెను అడగాల్సింది వేరు. ఈ మనిషి రాత్రిళ్లు ఎలా ఉంటున్నాడు, ఎవరు వస్తే కళ్లు తెరుస్తున్నాడు, స్పృహ ఉన్నప్పుడు ఏమన్నాడు అని. ఆ జవాబులు ఇంకెవరి దగ్గరా లేవు.

కాబట్టి ప్రాథమిక బోర్డులో ఆ రోగిని చూసుకున్న నర్సు ఒకరు తప్పక ఉండాలి. ఆమె అభిప్రాయాన్ని ఆమె మాటల్లోనే నమోదు చేయాలి. నర్సుల నోట్స్‌లో రోగి చెప్పిన కోరికకు ఒక చోటు కేటాయించాలి. దీనికి ఖర్చు లేదు, కొత్త ఫారం అచ్చు వేయిస్తే చాలు. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం నైతిక ప్రవర్తన కోసం ఒక ప్రత్యేక బోర్డును పెట్టింది. అది తప్పు చేసిన నర్సును శిక్షించడంతో సరిపెట్టుకోకూడదు. రోగి తరఫున నోరు విప్పిన నర్సు ఉద్యోగం పోకుండా కాపాడటం కూడా తన పనిగా పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు, డాక్టరు చెప్పి పంపుతూ, చెప్పలేదని కుటుంబంతో సంతకం పెట్టించుకునే 'లామా' కాగితం పోవాలి. చట్టబద్ధంగా చికిత్స ఆపే దారి ఉండగా అబద్ధం మీద ఒక మనిషిని సాగనంపడం ఎవరికీ గౌరవం కాదు.

ఆ రోజు అంతా అయిపోయాక ఆ అమ్మాయి గొట్టం తీసి, తడి గుడ్డ అడిగి తీసుకుని పెదనాన్న ముఖం శుభ్రంగా తుడిచింది. ప్లాస్టర్ అంటుకున్న చోట గడ్డం మీద జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి మెల్లగా తీసింది. కాఫీ ఇస్తే వద్దంది, రాత్రి డ్యూటీకి టైమవుతోందంది. అంబులెన్స్ ఎక్కబోతూ ఆగి మా పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"మొదటి రోజు రాత్రి, గొట్టం వేయకముందు, నాతో అన్నారు పెద్దమ్మా. నన్ను ఇంటికి పంపించెయ్యమ్మా, మా వసారాలో పడుకుంటాను అని. మీకు చెప్పాలో వద్దో నాకు తెలియలేదు."